అవనిగడ్డలో జపాను బొమ్మల సినిమా

పోయిన వేసవిలో అవనిగడ్డలో ఒక హాలు యజమానిని బతిమాలి, జపాను బొమ్మల సినిమా ఒక్క ఆట వేయించాను. నేను డ్రాయింగు టీచర్ని. తెలుగు డబ్బింగు వస్తుందని ఊరంతా చెప్పాను. తీరా జనం నిండాక పంపిణీదారు ఫోన్ చేశాడు.

"తెలుగుకి సెన్సారు ఫీజు మళ్లీ విడిగా కట్టాలి మేడమ్. నాలుగు ఊళ్లలో ఆడే బొమ్మకి ఎవరు కడతారండీ? జపాను మాటలే, కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి."

ఆట మొదలైన కాసేపటికే ఈలలు. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అని కేకలు. వెనకెక్కడో కుర్చీ విరిగింది. యజమాని చీకట్లో నా దగ్గరికి వచ్చాడు.

"తెర చింపేస్తే నా గతేంటి టీచరమ్మా?"

మా చర్చి కూటాలకు విదేశీ బోధకులు వస్తే, పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పేది నేనే. ఆ అలవాటే దిక్కనుకుని తెర పక్కన నిలబడ్డాను. అక్షరాలు పడినప్పుడల్లా గొంతెత్తి తెలుగులో చెప్పాను. ఈలలు మెల్లగా ఆగాయి.

చివర్లో తప్పిపోయిన నక్కపిల్ల తల్లిని చేరింది. "ఇక నిన్ను విడిచిపెట్టను" అన్న తల్లి మాట, నాకు తెలియకుండానే, కూటంలో పలికే స్వరంతో వచ్చింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ గట్టిగా "ఆమెన్!" అంది. నవ్వుతూనే హాలంతా అందుకుంది.

తెలుగులో మాట్లాడేందుకు ఫీజు కట్టలేక మా దాకా రాని బొమ్మలు ఇంకెన్ని ఉన్నాయో! నాకున్నది ఒక్క గొంతు. మర్నాటికి అదీ పోయింది.