లేని కరుణమ్మ కోసం ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, కాగితం చూసి చదువుతున్నందుకు ఏమీ అనుకోకండి, చూడకుండా మాట్లాడితే సగంలోనే ఆగిపోతాను. మా అమ్మకి కూడా చెప్పని సంగతితో మొదలుపెడతాను. ఏడాది పాటు ప్రతి ఉదయం నేను లోకంలో లేని ఒక మనిషి కోసం ప్రార్థన చేశాను. ఆమె పేరు కరుణమ్మ. ఆమెను కల్పించింది నేనే.

నేను ఎం.ఎస్.డబ్ల్యూ., అదే సోషల్ వర్క్, చదువుతున్నానని మీకు తెలుసు. పోయిన ఏడాది ప్రత్తిపాడు దగ్గర మిరప కల్లాల్లో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల ఇళ్లకు వెళ్లి, కష్టసుఖాలు విని డైరీ రాయమని మా మేడం పంపించారు. నేను వెళ్లాను, కానీ రోడ్డు దాటలేదు. తుమ్మచెట్టు నీడలో నిలబడి చూసేదాన్ని. ఎండలో ఆరబోసిన కాయలు ఎర్రటి చెరువులా మెరిసేవి, ఆ ఘాటుకి కళ్లలో నీళ్లు నిండేవి, ఆ నీళ్లలోంచి చూస్తే ఆడవాళ్లంతా నేల మీద కాక ఆ ఎరుపు మీద తేలుతున్నట్టు ఉండేవారు. "మీ పేరేంటండీ" అన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేది. చిన్నప్పటి నుంచీ నా జబ్బు అదే! పుస్తకాల్లో మనుషులతో గంటలు గంటలు ఉండగలను, ఎదురుగా ఉన్న మనిషితో నిమిషం ఉండలేను.

ఒకరోజు దూరంగా ఎవరో దగ్గుతూ కనిపిస్తే, ఇంటికొచ్చి ఆమెకు కరుణమ్మ అని పేరు పెట్టాను, భర్త చనిపోయాడని రాశాను, ఊపిరాడక కూర్చునే నిద్రపోతుందని రాశాను, రాస్తూ రాస్తూ నాకే ఏడుపొచ్చి ఆమె కోసం మోకరించాను. అలా నా అబద్ధం కోసం నేనే ప్రార్థన చేశానండి!

ఆ డైరీ చదివే ఒక సేవా సంస్థ వాళ్లు నన్ను ఆఫ్రికాలోని మలావి దేశానికి ఎంపిక చేశారు. ఆరు నెలలు అక్కడి పల్లెల్లో మహిళా సంఘాలతో పని. పాస్‌పోర్టు వచ్చింది, అమ్మ పచ్చడి సీసాకి సూట్‌కేసులో చోటు వెతుకుతోంది. ఆ ఆదివారం మన పాస్టర్ గారు ఎంతో సంతోషంగా నా డైరీలోంచి కరుణమ్మ కథ చదివి, "రండి, ఆ తల్లికి స్వస్థత కోసం అడుగుదాం" అన్నారు. మీరందరూ మోకరించారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు కూడా కుర్చీలు పట్టుకుని వంగారు. నేను ఆమేన్ అనలేకపోయాను.

ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాను. "ప్రభువా, ఇన్నాళ్లూ ధైర్యం ఇమ్మని అడిగాను, ఇవ్వకపోయినా సరే, ఈ అబద్ధం నా మీద నుంచి తీసెయ్యి, మలావి పోతే పోనీ తండ్రీ!" అని ఏడ్చాను. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. కిటికీలోంచి దూది పింజ ఒకటి తేలుతూ వచ్చి డైరీ మీద వాలింది, అంతే. కానీ నేను లేచేసరికి ఏ పని చేయాలో తెలిసింది.

మర్నాడు మేడంకి అంతా చెప్పాను. "వాళ్లకి నిజం రాయక తప్పదు. నిన్ను రమ్మంటారో వద్దంటారో నా చేతుల్లో లేదు. ముందు నువ్వు ఆ రోడ్డు దాటు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే దాటాను. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న వెంకాయమ్మ గారనే పెద్దామె తలెత్తి, "ఏమ్మాయ్, పోయినేడు తుమ్మచెట్టు కింద నుంచుని రాసుకునేదానివి నువ్వేగా? మేమంతా బీమావోళ్ల పిల్లనుకున్నాం. అంత దూరానికి మా మొహాలేం కనపడ్డాయే నీకు?" అని గట్టిగా అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వెంటనే ఆమె, "ఓసి నీ అఘాయిత్యం కూలా! ఆ దగ్గింది నేనే. మా ఆయన్ని చంపేశావా? అడుగో, నిక్షేపంలా బస్తా కుడుతున్నాడు చూడు!" అనేసరికి అందరూ పగలబడి నవ్వారు. "ఆ దగ్గు మిరప ఘాటుకొచ్చిందే, నా బాధల్లా నడుం నొప్పి. రాసుకో. కాదులే, ముందు కూర్చుని కాయలేరు" అంది.

కూర్చున్నాను. సాయంత్రానికి చేతులు మండిపోయాయి, కానీ నేను మాట్లాడుతున్నాను సహోదరులారా, నేను! అప్పటి నుంచి ఒక్కో ఇంటికీ వెళ్లాను. నేను ఊహించి రాసినవేవీ వాళ్లు అడగలేదు, కల్లంలో కాస్త నీడ, పసిపిల్లల్ని పడుకోబెట్టే చోటు అడిగారు. అవే కొత్త డైరీలో రాశాను. ముందు బ్యాచ్ నన్ను వదిలేసి వెళ్లిపోయింది. కానీ మేడం రాసిన ఉత్తరానికి, ఈ కొత్త డైరీకి జవాబుగా, తర్వాతి బ్యాచ్‌లో రమ్మని కబురొచ్చింది. దేవునికే మహిమ! గురువారం బయలుదేరుతున్నాను.

లేని మనిషి కోసం మిమ్మల్ని మోకరింపజేసినందుకు నన్ను క్షమించండి. ఆ ప్రార్థన మాత్రం వృథా కాలేదు, మీరు కరుణమ్మ ఊపిరి కోసం అడిగారు, దేవుడు నా గొంతు విప్పాడు. మీలో ఎవరైనా ఏదో ఒక రోడ్డుకి ఇవతలే నిలబడిపోయి ఉంటే, దయచేసి ఆయనను నమ్మి ఒక్క అడుగు వేయండి, నాలాంటిదాన్నే దాటించినవాడు మిమ్మల్ని వదిలేస్తాడా!

నిన్న సెలవు తీసుకుందామని కల్లానికి వెళ్లాను. వెంకాయమ్మ గారు చేతులు కొంగుకి తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని అన్నారు: "అక్కడ కూడా చెట్టు కింద నుంచోమాక. తిన్నగా లోపలికెళ్లి కూర్చో, తల్లీ."