మంచి చెయ్యి

ఇన్నేళ్లుగా నా బీరువాలో బట్టల కింద ఒక కాగితాల కట్ట ఉంది. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. ఇల్లు మారిన ప్రతిసారీ సామానంతా కూలీల చేత మోయించాను, దాన్ని మాత్రం నేనే మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. డోర్నకల్ నుంచి బొగ్గు గనుల వైపు పోయే లైను మీద ఒక ఊళ్లో నాకు గుమాస్తా ఉద్యోగం. పొద్దున ప్యాసింజర్లో వెళ్లి, సాయంత్రం ప్యాసింజర్లో డోర్నకల్ వచ్చేవాణ్ణి. రానూ పోనూ ఒకటే లైను. సాయంత్రం వెనక నుంచి బొగ్గు బండి వస్తుంటే మా బండిని మధ్యలో ఒక చిన్న స్టేషన్లో పక్కకు నిలబెట్టేవారు. ముప్పావు గంట, ఒక్కోసారి గంట పైనే.

"మన బొగ్గు ముంగట పోతది, మనం పక్కకు నిలవడాలె" అనేది అక్క. పెట్టె మొత్తం నవ్వేది. ఆ వెంటనే ఎవరో సీటు మీద దరువు మొదలుపెట్టేవారు.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. అదే లైను మీద ఒక పల్లెలో నర్సు. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. భర్త చనిపోయాక ఆరేళ్ల కూతురు స్రవంతితో డోర్నకల్‌లో ఉండేది. బండి ఆగగానే డబ్బా తీసి, కళ్లు మూసుకుని పెదవుల్లోనే ప్రార్థన చేసుకుని, మధ్యాహ్నం తినకుండా దాచిన సర్వపిండి రొట్టెలో సగం విరిచి నాకు పెట్టేది. నేను అద్దెగదిలో ఒక్కణ్ణే వండుకుని తినే మనిషిని. ఆ గంట కోసం పొద్దుటినుంచీ ఎదురుచూసేవాణ్ణి. అది ప్రేమా, అభిమానమా? ఇప్పటికీ పేరు పెట్టలేను. బొగ్గు బండి రాని రోజు నాకు దిగులుగా ఉండేది.

అక్కకు ఆ గంటే నరకం. ఆలస్యమైన ప్రతి సాయంత్రం స్రవంతి పక్కింటి అరుగు మీద ఎదురుచూసి, చూసి, అక్కడే నిద్రపోయేది. అందుకే రెండో లైను వేయమని అక్క అర్జీ రాసింది. టీకాలకు తిరిగిన ప్రతి ఊళ్లో, ప్రతి తండాలో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంది. రైల్వే పెద్దసారు డోర్నకల్ వస్తున్నాడని తెలిసింది. ఆ రోజు ఆమెకు టీకాల డ్యూటీ.

"నువ్వే ఇయ్యి తమ్మీ. నీది మంచి చెయ్యి" అంటూ కట్ట నా చేతిలో పెట్టింది. స్రవంతికి బడిలో సీటు కోసం నేనిచ్చిన దరఖాస్తు ఫలించిందట. అప్పటినుంచి ఏ కాగితమైనా నా చేత్తోనే ఇప్పించేది.

సెలవు పెట్టి వెళ్లాను. పెద్దసారు ప్లాట్‌ఫారం మీద నాకు పదడుగుల దూరంలో నిలబడి అందరి కాగితాలూ తీసుకుంటున్నాడు. నన్నెవరూ ఆపలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎవరూ ఆపలేదు. రెండో లైను పడితే బండి ఆగదు. బండి ఆగకపోతే అక్క డబ్బా తీయదు. నా బుద్ధికి తోచింది అంతే. కట్టను చంకలో పెట్టుకుని, టీ తాగి, గదికి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం అడిగింది.

"ఇచ్చినవా తమ్మీ?"

"ఇచ్చిన అక్కా."

"ఏమన్నడు?"

"చూస్తమన్నడు."

"గట్లనే అంటరు. నువ్విచ్చినవు గదా, అయితది."

ఆ రోజు కూడా బొగ్గు బండి వచ్చింది. అక్క నాకు పెద్ద ముక్క పెట్టింది. తిన్నాను.

ఒక్క అర్జీకే పట్టాలు పడతాయా అని నన్ను నేను ఎన్నిసార్లు సముదాయించుకున్నానో. పడకపోవచ్చు. కానీ పడవని తెలిసి దాచలేదు కదా, పడతాయేమోనన్న భయంతోనే దాచాను. వారం తర్వాత పోస్టులోనైనా పంపుదామని కట్ట విప్పాను. చివరి కాగితం అడుగున పెన్సిల్‌తో వంకరటింకర అక్షరాలు కనిపించాయి. స్రవంతి, ఒకటో తరగతి. అది చూశాక పంపాలి కదా? సిగ్గుతో మళ్లీ కట్టేసి బట్టల కింద తోసేశాను.

రాష్ట్రం వచ్చింది. అదే పెట్టెలో అందరం గులాల్ పూసుకున్నాం. తర్వాత నాకు జనగామకు బదిలీ అయింది. అక్క ఉద్యోగం ముగిసేదాకా ఆ బండిలోనే తిరిగింది, ఆ స్టేషన్లోనే ఆగింది.

పోయిన నెల ఫోన్ చేసింది. "తమ్మీ, రెండో లైనుకు మట్టి పోస్తున్నరు. నేను చెప్పలేదా, నీది మంచి చెయ్యి అని?" ఆ గొంతులో ఎంత సంతోషమో. అంతలో స్రవంతి ఫోన్ అందుకుంది. "మామా, చిన్నప్పుడు బండి కూత ఇనవడితె అమ్మొచ్చిందని ఉరికొచ్చేదాన్ని. అది బొగ్గు బండి అయ్యేది." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అంతా మీ అమ్మ కష్టమే బిడ్డా అన్నాను. అబద్ధం కాదు.

క్షమించమని అడగను. ఆమె క్షమిస్తుంది, నాకు తెలుసు. క్షమించి, వచ్చేటప్పుడు సర్వపిండి కూడా కట్టిస్తుంది. అదే నేను భరించలేను. ఈ పొద్దున మాత్రం ఆ కట్టను బయటికి తీసి బల్ల మీద పెట్టాను. ఎదురుగా ఎవరూ లేరు. ఆ సాయంత్రం బండిలో ఆమె అడిగినదానికి మొదటిసారి సరిగ్గా జవాబిచ్చాను.

"ఇయ్యలే అక్కా."