దొరసాని పాలిచ్చిన సాయంత్రం

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన వ్యాసం ముందేసుకుని కూర్చుంది. అజ్ఞానానికీ తెలివికీ వివేకానికీ తేడా ఏమిటో ఒక పేజీలో రాయాలట. "నానమ్మా, నువ్వయితే ఏం రాస్తవ్?" అని అడిగింది. జవాబు చెప్పకుండా నవ్వడం మొదలుపెట్టాను, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. వాళ్ళ చిన్నతాత చీర కట్టుకుని బర్రె ముందు నిలబడ్డ రోజు నా కళ్ళ ముందుందని పాపం దానికేం తెలుసు!

నేను లాల్‌దర్వాజాకు కోడలిగా వచ్చింది పెద్ద లడాయి, అంటే ప్రపంచ యుద్ధం, నడుస్తున్న రోజుల్లో. మా పుట్టిల్లు ఉప్పుగూడలో, రైలు పట్టాల పక్కన. నాన్నది రైల్వే పని. కూత విని బండి ఆలస్యమో కాదో చెప్పేదాన్ని గానీ పశువుల సంగతి బొత్తిగా తెలియదు. అత్తవారిదేమో పాల వ్యాపారం. ముందు ఇల్లు, వెనక కొట్టం, అందులో మూడు బర్రెలు. పచ్చిగడ్డి, పేడ, కాగే పాలు, గుడి వైపు నుంచి సాంబ్రాణి పొగ, ఇవన్నీ కలిసిన వాసనకు మొదటి వారం నాకు అన్నం సయించలేదు. వచ్చిన రెండో రోజే "చెంబు పెడితే పాలు అవే వస్తయా?" అని అడిగాను. ఆ మాట గల్లీ అంతా తిరిగి మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళింది. 'ఏం తెల్వని కోడలు' అని నాకు పేరు స్థిరపడిపోయింది.

మూడు బర్రెల్లో ఒకదాని పేరు దొరసాని. పేరుకు తగ్గ టెక్కు. ఈనిన నెలకే దూడ పోయినా, అత్తమ్మ పక్కన కూర్చుంటే చాలు, చేపేది, పాలు పొదుగులోకి దిగేవి. ఇంకో చేయి పడితే కాలు లేచేది. "నా చేతికి తప్ప ఎవ్వలకియ్యది" అని అత్తమ్మ వచ్చినవాళ్ళందరికీ మురిపెంగా చెప్పుకునేది. ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి పోవాలి గనక నేను మూట కట్టుకున్నాను. ఆ పొద్దునే వాన తడికి కొట్టంలో కాలు జారి అత్తమ్మ కుడి మణికట్టు విరిగింది. వెదురు బద్దలతో కట్టు, దానికి తోడు జ్వరం. నా ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన పాలకు కూర్చుంటే దొరసాని ఒక్క తన్ను తన్నింది. చెంబు గోడకు, ఆయన గడ్డిమోపు మీదికి. మరునాటికి పొదుగు రాయిలా గట్టిపడింది. ఇంకొక పూట గడిస్తే వాపొచ్చి పాలు ఎండిపోతాయి. ఎండిన బర్రెను మేపే స్తోమత మాకు లేదు. అది పోయేది కసాయి దగ్గరికేనని అందరికీ తెలుసు.

మా మరిది ఉర్దూలో మెట్రిక్ చదివినవాడు, ఇంటి మొత్తానికి తెలివి ఆయనదే. "బర్రెకు మనిషి తెల్వది, వాసన తెలుస్తది" అని తేల్చాడు. అత్తమ్మ విడిచిన చీర కట్టుకుని, మీసాల మీదికి కొంగు లాక్కుని కొట్టంలోకి నడిచాడు. నవ్వకండి, సగం పని జరిగింది కూడా. దొరసాని చీర వాసన చూసి చెవులాడించింది. ఆయన గెలిచాననుకుని పొదుగు మీద చేయి వేశాడు. అది మెడ తిప్పి కొంగు కింది మొహాన్ని నిదానంగా చూసి, కొంగు నోట కరిచి లాగింది. మరిది విడిపించుకుని చీరతోనే గల్లీలోకి పరుగెత్తాడు. ఎదురింటి ముసలాయన హుక్కా ఆపి, "అరే, యే కౌన్‌సీ దుల్హన్ హై?" అని ఆ కొత్త పెళ్ళికూతురెవరో ఆరా తీశాడు.

మంచంలోని అత్తమ్మ నవ్వి, నొప్పికి మూలిగి, లేచి వచ్చింది. మరిది ఇంకా ఓడిపోలేదు. "అమ్మా, నువ్వు దాని ముంగట నిలవడు, అన్న పిండుతడు" అన్నాడు. మంచి ఉపాయమే. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"నేను ముంగటుంటే ఇయ్యాల ఇస్తది. మరి రేపు? నా చేతికే అలవాటు జేసి మురిసిన. తప్పు నాది, సచ్చేది అది." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు రా బిడ్డా."

"నాకేం తెల్వదత్తమ్మా."

"తెల్వదని నీకెరుకే గదా, గది చాలు. పోంగనే పిండకు. పక్కన కూసోని మాట్లాడు. అది నెమరేసుడు మొదలువెట్టినంక చెయ్యి వెయ్యి."

ఎడమ చేత్తో గాలిలో పిండి చూపించింది. మగవాళ్ళిద్దరినీ పంపేసి, తానూ బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

బర్రెతో ఏం మాట్లాడతాం? గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, దాని పొట్టకు నుదురు ఆనించాను. నోటికి వచ్చింది ఉప్పుగూడే. సాయంత్రం బండి పోతుంటే కిటికీ చువ్వలు ఎలా వణుకుతాయో, ఆ చప్పుడుకు అమ్మ మాట ఆపి మళ్ళీ అక్కడి నుంచే ఎలా అందుకుంటుందో చెప్పాను. అరగంట నడిచే దూరమే అయినా పోలేనని, ఆ కూత ఇక్కడికి వినబడితే కొంగు నోట్లో కుక్కుకుంటానని చెప్పాను. ఏడ్చాను కూడా. ఎంతసేపయిందో తెలియదు, దొరసాని పెద్ద ఊపిరి విడిచింది. దవడ కదిలింది. చేయి వేశాను. మొదటి ధార నా మోచేతి మీద పడింది, రెండోది చెంబులో మోగింది!

వేళ్ళు లాగేసినా ఆపలేదు. చెంబు ముప్పావే నిండింది గానీ రాజ్యం గెలిచినట్టే బయటికి వచ్చాను. తలుపు అవతల తడి నేల మీదే కూర్చుని ఉన్న అత్తమ్మ ఆ చెంబును ఎడమ చేత్తో ఎత్తి పట్టి, గల్లీకంతా వినబడేలా అరిచింది: "సూడుండ్రి! ఏం తెల్వని కోడలు పిండిన పాలు!" ఎదురింటి ముసలాయన లేచి నిలబడి "షాబాష్ బేటీ!" అన్నాడు.

తర్వాత మూడు రోజులు అత్తమ్మ మరిదిని కూడా నా పక్కన కూర్చోబెట్టింది, ఈసారి చీర లేకుండా. ఆయన చేతికీ దొరసాని చేపిన పొద్దున అత్తమ్మ నా మూట తెచ్చి ముందు పెట్టింది. "పో బిడ్డా, మీ అమ్మను సూసి రా. నాకు జెప్పలే గని బర్రెకు జెప్పినవ్, నేను విన్న."

మనవరాలికి ఇదంతా చెప్పాను. పేజీలో పట్టదని గొణిగింది. పాలు పిండడం నాకు ఒక్క సాయంత్రంలో వచ్చింది. చూపించి వదిలేసి, విరిగిన చేత్తో తలుపు అవతల కూర్చోవడం ఎంత కష్టమో మాత్రం నేను అత్తనయ్యి, నా కోడలికి వంటిల్లు అప్పగించిన రోజు దాకా తెలియలేదు.