అది ల్యాప్‌వింగే

నిన్న సాయంత్రం జెర్సీ సిటీలో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్ కింద, నది ఒడ్డున నడుస్తూ ఉంటే మా మనవరాలు ఉన్నట్టుండి నన్ను ఆపి, ఫోన్ తీసి గాలిలోకి ఎత్తి పట్టుకుంది. పక్క పొదలో ఏదో పిట్ట కూస్తోంది. రెండు క్షణాల్లో దాని బొమ్మా పేరూ ఫోన్ మీదికి వచ్చేశాయి. "అమ్మమ్మా, సీ! సాంగ్ స్పారో!" అని పిల్ల ఎంతో గర్వంగా చూపించింది. ఆ సంగతి ఫోన్ కన్నా ముందే నాకు తెలుసు, కాని పిల్ల సంబరం చెడగొట్టడం దేనికని నవ్వి ఊరుకున్నాను. ఒళ్లు మండలేదంటే మాత్రం అబద్ధం. యాభై ఏళ్లు చెవులు రిక్కించి సంపాదించుకున్న విద్య అది. పైగా ఫోన్ చెప్పాక ఇక ఎవరూ "నిజంగానా?" అని అడగరు. నన్ను అడిగారు. ఆ సంగతి చెబుదామనే ఇవాళ కూర్చున్నాను.

నా ఈడు డాక్టర్లలో చాలామంది అమెరికాకు తిన్నగా రాలేదు. గుంటూరులో చదువు ముగించి, ముందు ఇంగ్లండులో దిగి, అక్కడ ఉత్తరాదిన ఏదో ఒక మసిబారిన ఊళ్లో ఆసుపత్రి చాకిరీ చేసి, ఆ తర్వాత ఇటు దాటినవాళ్లమే. నాకు అప్పటికే సోడాబుడ్డి కళ్లద్దాలు. అక్కడి వానకు వేళాపాళా లేదు, అద్దాలు తుడుచుకునేలోగా చెట్టు మీద పిట్ట ఎగిరిపోయేది. అందుకని చూడటం మానేసి వినడం మొదలుపెట్టాను. నా గది కిటికీ అవతల ఒక పాడుబడ్డ తోట, దానికి అవతల గొర్రెలు మేసే మిట్ట నేల. తెల్లవారుతూ ఉండగా ఆ తోట మొత్తం ఒక్కసారి గొంతెత్తేది. మొదట్లో అంతా ఒకటే గోల, నెల తిరిగేసరికి అందులోంచి ఒక్కొక్క గొంతూ విడివిడిగా తెలియసాగింది.

ఇంగ్లీషువాళ్లు పిట్ట కూతలను గుర్తు పెట్టుకోవడానికి మాటలు అల్లుకుంటారు. యెల్లోహ్యామర్ అనే పచ్చ పిట్ట రొట్టె ముక్క ఉంది గాని చీజ్ లేదని పాడుతుందని నర్సులు నాకు చెప్పారు. ఆ రొట్టే చీజూ నాకే సయించని రోజుల్లో వాటితో జ్ఞాపకం ఎలా నిలుస్తుంది? నా పద్ధతి నేను పెట్టుకున్నాను. చిఫ్‌చాఫ్ అంటే ఇద్దరు ఆడవాళ్లు రోట్లో రోకళ్లు మార్చి మార్చి దంచుతున్న చప్పుడు. గ్రేట్ టిట్ నూనె వేయని నూతి గిలక. రెన్ అనే బొటనవేలంత పిట్ట, ఒక్క గుక్కలో వాడకట్టు కబుర్లన్నీ చెప్పేసే మా పిన్ని. సాంగ్ థ్రష్ ప్రతి మాటా రెండేసి మూడేసి సార్లు చెప్పించే ఎక్కాల మేష్టారు. వాన వెలిశాక తీరిగ్గా పాడే బ్లాక్‌బర్డుకు మాత్రం ఏ పోలికా పెట్టలేదు, దానికి అక్కర్లేదు.

ల్యాప్‌వింగ్ సంగతి వేరు. తల మీద పొడుగాటి కుచ్చుతో, ఆ మిట్ట నేల మీద దొర్లుతున్నట్టు ఎగురుతూ అరుస్తుంది. మన తీతువు పిట్టకు అది దగ్గరి చుట్టం. మా ఇంటి మీదుగా తీతువు అరిచి పోతే మా అమ్మ చేతిలో పని ఆపి "శ్రీరామ శ్రీరామ" అనుకునేది, అంత అపశకునం మనకు. పరాయి దేశంలో తొలి వసంతాన ల్యాప్‌వింగ్ అరుపు విన్నప్పుడు నా నోటి వెంట కూడా అదే మాట వచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు అనడానికి ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు.

అమెరికా వచ్చాక రాబిన్ అని చూపించిన పిట్టను నేను చాలాకాలం ఒప్పుకోలేదు. ఇంగ్లండు రాబిన్ గుప్పెడంత ఉంటుంది. ఇక్కడిది దానికి మూడింతలు, గొంతేమో బ్లాక్‌బర్డుకు దగ్గర. వెనకటికి ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు, ఛాతీ ఎర్రగా ఉంది కదా అని, ఇంటి మీద బెంగ కొద్దీ ఆ పేరు తగిలించేశారట. చూసి పేరు పెడితే ఇంతే మరి. ఇంగ్లండు నుంచి తెచ్చి ఇక్కడ వదిలిన స్టార్లింగులూ ఊరపిచ్చుకలూ మాత్రం నాకు పాత పరిచయస్థుల్లా కనిపించేవి.

గుండె డాక్టరుగా ముప్ఫై ఏళ్ల పైచిలుకు స్టెతస్కోపు మోసి, 2005 ప్రాంతాల్లో రిటైరయ్యాక, న్యూజెర్సీలో మా ఊరి పక్షుల గుంపులో చేరాను. అందులో చీర మీద స్నో బూట్లు తొడుక్కున్నదాన్ని నేనొక్కదాన్నే. గుంపు పెద్దాయన హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరైన మనిషి, మంచివాడు, నియమాల మనిషి. రెండేళ్లలో నేను వాళ్లకు చెవినయ్యాను. ఆకుల చాటున ఏం కూసినా అందరూ దుర్బిణీలు దించి నా వంక చూసేవారు. మా వారు ఒకటి రెండుసార్లు వచ్చారు గాని, స్టార్లింగులను చూసి "ఇక్కడివి కావు, అంతా పాడు చేస్తున్నాయి" అని ఆ గుంపువాళ్లు మొహం చిట్లిస్తుంటే, "వాళ్లు అంటున్నది పిట్టల్నేలే" అని నా చెవిలో గొణిగి, ఆ తర్వాత కారులోంచి దిగడం మానేశారు.

డిసెంబరు ఆఖరులో ఒక రోజంతా తిరిగి పక్షులను లెక్కపెట్టడం ఇక్కడి పిట్టలవాళ్లకు పండగ లాంటిది. 2009లోనో ఆ మరుసటి ఏడో, ఇళ్ల ముందు పరిచే పచ్చికను చాపల్లా చుట్టి అమ్మే పెద్ద పొలం ఒకటి మా వంతుకు వచ్చింది. ఉదయం వెళ్లేసరికి పొగమంచు. పక్క మనిషి టోపీ తప్ప ఏమీ కనిపించడం లేదు. పెద్దాయన, మరో ముగ్గురు, నేను గట్టు మీద నిలబడ్డాం. అప్పుడు ఎడమ వైపు నుంచి, నేలకు కొద్ది ఎత్తులో, ఒక కూత వచ్చింది. ముక్కుతో పీల్చినట్టు సన్నగా మొదలై, మధ్యలో కిర్రుమని పైకి లేచి, ఠక్కున తెగిపోయింది. కాసేపటికి మళ్లీ, ఈసారి కాస్త దూరంగా. చెవుల మీదికి టోపీలు లాక్కున్న మిగతావాళ్లకు అది సరిగా అందనే లేదు.  ల్యాప్‌వింగ్ అన్నాను.

అవి సముద్రానికి అవతల కదా డాక్టర్, అన్నారు పెద్దాయన. "ఆర్ యూ ష్యూర్?" అన్నారు. ఎప్పుడో నూటికో కోటికో గాలికి కొట్టుకొచ్చేది ఇక్కడెందుకు ఉంటుంది, కిల్‌డీర్ అయ్యుంటుంది అన్నారు. కిల్‌డీరూ అదే కులంలోని పిట్టే, ఈ దేశానిది. దాని కూత నేను వంద సార్లు విన్నాను, దానికి ఆ కిర్రు లేదు. చలిలో వణుకుతూ మంచు విడిపోయేదాకా ఆగాం. విడిపోయింది. పొలం మధ్యలో బుద్ధిగా రెండు కిల్‌డీర్లు నిలబడి ఉన్నాయి. అందరి మొహాల్లోనూ హమ్మయ్య అన్నట్టు ఒక నవ్వు. ఒకావిడ నా భుజం చుట్టూ చెయ్యి వేసి, పోనీలెండి అన్నట్టు తట్టింది. ఆ తట్టడం నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"అవి ఉన్నాయి. అదీ ఉంది," అన్నాను.

అక్కడితో నేను కిల్‌డీర్ అనేస్తే అయిపోయేది. పెద్దాయన ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు, ఒక్క మనిషి, ఒట్టి చెవి, ఫొటో లేదు, ఇలాంటి దాన్ని రికార్డులు పరిశీలించే పైవాళ్లు ఒప్పుకోరు, మనం పంపితే మన లెక్క మొత్తాన్నీ అనుమానిస్తారు అని. నేను ససేమిరా అన్నాను. వాళ్ల లెక్కలో వాళ్లు ఏమైనా రాసుకోవచ్చు, నా పేరు మీద మాత్రం ల్యాప్‌వింగ్ అని విడిగా పంపాను. కొన్ని వారాలకు కాదని జవాబు వచ్చింది. దాని చివర ఎవరో ఎంతో దయగా, వయసు మీద పడ్డాక చెవుల పరీక్ష చేయించుకుంటే మంచిదని ఒక వాక్యం కలిపారు.

మా వారికి ఆ గొడవ నచ్చలేదు. "డాక్టరమ్మా, కిల్‌డీరో గిల్‌డీరో, వాళ్లన్నదే అనేస్తే పోయె. నలుగురితో మంచిగా ఉండక, ఒక పిట్ట కోసం ఇంత ఫైట్ చేస్తావేంటి?" అన్నారు. పిట్ట కోసం కాదని ఆయనకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. చదువుకున్న రోజుల నుంచీ నేను విన్నది ఇంకొకరు సరే అంటేనే నిజమయ్యేది. ఆసుపత్రిలో నేను రోగి గుండెలో ఏదో తేడా చప్పుడు ఉందంటే, మగ డాక్టరు ఎవరైనా వచ్చి స్టెతస్కోపు పెట్టి తలూపితే తప్ప కేసు కదిలేది కాదు. ఆ తలూపుడు కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాను. రిటైరయ్యాక కూడానా?

చెవుల పరీక్ష చేయించుకున్నాను, ఎందుకు చేయించుకోకూడదు? గుంపు మీటింగులో నేనే లేచి ఫలితం చెప్పాను. మరీ సన్నని కూతలు నాకు వినబడటం లేదు, కింగ్‌లెట్ అనే చిన్న పిట్ట గొంతు నా వరకూ పోయినట్టే, మీరందరూ దాన్ని వింటున్నప్పుడు నేను ఊరికే నిలబడుతున్నాను అని ఒప్పుకున్నాను. ల్యాప్‌వింగ్ గొంతు అంత సన్నం కాదని కూడా చెప్పాను. వినబడక వదిలేసినవి నా జీవితంలో ఉండవచ్చు, లేనిదాన్ని విన్నానని మాత్రం ఏ రోగి కాగితం మీదా రాయలేదు, ఈ పొలం మీద ఎందుకు రాస్తానన్నాను. అందరూ కాఫీకి లేచారు. ఆ మరుసటి డిసెంబరులో నాకు అంకెలు రాసే పని ఇచ్చారు. చెవిగా మరొకరిని పెట్టుకున్నారు.

అంకెలు రాయడానికి నేను వెళ్లలేదు. దానికి బదులు మన గుడి వెనక కాలువ గట్టు మీద నా గుంపు నేను పెట్టుకున్నాను. హెచ్-వన్ మీద వచ్చిన పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చి, కొడుకూ కోడలూ ఆఫీస్‌కి వెళ్లాక కారు లేక, కాళ్లాడక కూర్చునే పెద్దవాళ్లు శనివారం శనివారం నా వెంట నడిచేవారు. దుర్బిణీలు వద్దని మొదటే చెప్పేశాను. ఇక్కడి పిట్టలకు కూడా మా భాషలో గుర్తులు పెట్టుకున్నాం, ఈ అమెరికావాళ్లు 'నీకెవరు వండి పెడతారు' అని అడుగుతుందనే గుడ్లగూబ మా గుంపులో 'ఎవరొచ్చారూ, ఎవరొచ్చారమ్మా' అని అడిగేది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కిల్‌డీర్ అరవగానే నిలబడిపోయి, "గిది మా దిక్కు తీతువు లెక్కనే ఉన్నదమ్మా, గానీ గొంతు వేరే ఉన్నది," అంది. నేను ఆమెను కావలించుకున్నంత పని చేశాను. గొంతు వేరే ఉందని తెలుసుకోవడమే కదా ఈ విద్యంతా.

మూడు నాలుగేళ్లకు ఒక శరదృతువులో సముద్రం మీది నుంచి పెద్ద తుఫాను వచ్చింది. దాని వెనకాల పక్క కౌంటీలో ఒక పొలంలో ల్యాప్‌వింగ్ వాలింది. ఈసారి ఎండలో, రోడ్డు పక్కన, అందరికీ కనిపించేలా. ఎక్కడెక్కడి నుంచో జనం టెలిస్కోపులు వేసుకుని వచ్చారు. ఒకనాటి పొద్దున పెద్దాయన మా ఇంటి ముందు కారు ఆపి, రండి డాక్టర్, మీ పిట్ట వచ్చింది అన్నారు. వెళ్లాను. ఎందుకు వెళ్లనూ? కుచ్చు గాలికి ఊగుతోంది, వీపు మీద పచ్చటి నిగారింపు. అది నోరు విప్పలేదు. పెద్దాయన నా పక్కన నిలబడి, ఇప్పుడు మీ పాత రికార్డు మళ్లీ పంపుదాం, ఇలాంటిది రాగలదని రుజువైంది కాబట్టి ఈసారి ఒప్పుకుంటారు అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

నేను వద్దన్నాను. ఇది వేరే పిట్ట, దీని ఫొటోతో దాన్ని నిలబెట్టనక్కర్లేదు. నన్ను నమ్మి ఒప్పుకుంటారా, సరే. దీన్ని చూసి నన్ను ఒప్పుకుంటామంటే ఆ ఒప్పుకోలు నాకు అక్కర్లేదన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు, ఇన్నేళ్లలో ఒక్కరైనా అడగని మాట అడిగారు. ఆ పొద్దున వినిపించిన కూత ఎలా ఉందో చెప్పగలరా అన్నారు. చెప్పడం ఎందుకని, అంత జనంలో, ఆ చలిలో, కొంగు మెడ చుట్టూ బిగించుకుని గొంతెత్తి కూశాను. టెలిస్కోపుల దగ్గరి తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో నవ్వారు కూడా. పెద్దాయన నవ్వలేదు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి కూశాను.

ఆయన పోయి చాలాకాలమైంది. మా వారికి మోకాళ్లు సహకరించవు. నా రెండు చెవుల్లోనూ ఇప్పుడు మిషన్లు, అవి పెట్టుకున్నా వసంతంలో సగం తోట నాకు మూగదే. మొన్న చలికాలం మా అమ్మాయిని అడిగి ఆ పచ్చిక పొలం వైపు డ్రైవ్ చేయించాను. పచ్చిక లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కిటికీలు లేని తెల్లటి గోదాము, దాని ముందు బీప్ బీప్‌మంటూ వెనక్కి వస్తున్న ట్రక్కులు. ఇక ఆ నేల మీద ఏ ల్యాప్‌వింగూ దిగదు, నా మాట నిజమో కాదో చూడటానికి ఎవరూ రారు. ఆ కూత విన్న మనిషిని నేనొక్కదాన్నే, నా తర్వాత అది ఎవరి చెవిలోనూ ఉండదు. వాళ్ల లెక్కలో లేకపోతే పోనివ్వండి. ఆ మంచులో అది రెండుసార్లు కూసింది, నేను రెండుసార్లూ విన్నాను.