క్రాసింగ్ లేని బండిలో నల్గొండకు

నేను ఏడో తరగతి వరకే చదివాను. తర్వాత అమ్మతో పాటు మగ్గం మీద కూర్చున్నాను. పెళ్లయి వలిగొండకు వచ్చాక ఏ పనికి వెళ్లినా ‘పదో తరగతి పాసయ్యావా?’ అనే అడుగుతున్నారు. అందుకే ఎలాగైనా పది చదవాలని గట్టిగా అనుకున్నాను. నల్గొండలో ఒక బడిలో ఓపెన్ టెన్త్ దరఖాస్తులు తీసుకుంటున్నారని, సోమవారం ఒంటిగంటకు ఆఖరని, బడి మానినప్పుడు ఇచ్చిన అసలు టీసీ చూపించాలని శనివారం సాయంత్రం తెలిసింది. నా టీసీ అమ్మ దగ్గర ఉంది. మా ఆయనకు కంపెనీలో పగటి షిఫ్టు. దాంతో సోమవారం పొద్దున ఒక్కదాన్నే బయలుదేరాను.

మా లైనులో తిరిగేవాళ్లకు క్రాసింగ్ అంటే తెలుసు. ఒకటే లైను ఉన్నప్పుడు ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజర్ ఏదో ఒక స్టేషన్‌లో పక్కన నిలబడాలి. రామన్నపేట దాటాక వచ్చే మా అమ్మగారి ఊరి చిన్న స్టేషన్‌లో పొద్దుటి బండి పావుగంటైనా ఆగేది. నేను ఆ బండిలో వెళ్లినప్పుడల్లా అమ్మ వచ్చి కిటికీలోంచి మక్కజొన్న గారెలు అందించేది. పెళ్లయ్యాక అమ్మను ఎక్కువగా చూసింది ఆ కిటికీలోంచే. ఈసారీ ఫోన్‌లో, “క్రాసింగ్‌ల టీసీ ఇస్త, నువ్వు దిగకు” అంది.

తొమ్మిదిన్నరకు బండి ఎక్కాను. నల్గొండకు టికెట్ పదిహేను రూపాయలు. దారి పొడవునా కొత్త కంకర, పక్కన మెరుస్తున్న కొత్త పట్టాలు. నేను ఈ బండి ఎక్కి ఆరు నెలలైంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన పలకరించాడు.

“ఏడిదాక బిడ్డా?”

“నల్గొండ. నడుమ క్రాసింగ్‌ల మా అమ్మ వస్తది” అన్నాను నెమ్మదిగా.

ఆయన నవ్వాడు. “క్రాసింగ్ యాడిది బిడ్డా? రెండో లైను చాలూ అయింది గద. ఎనుకట ఎక్స్‌ప్రెస్ దొర వస్తుంటే మనం పక్కకు జరిగి నిలవడేటోళ్లం. గిప్పుడు ఆయన తొవ్వ ఆయనది, మన తొవ్వ మనది. నిమిషం ఆగుతది, పోతది.”

అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సంచి తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. బండి స్టేషన్‌లోకి వచ్చింది, కానీ కొత్త ప్లాట్‌ఫారం మీదికి. అవతలి తలుపులోంచి చూస్తే అమ్మ అలవాటు ప్రకారం పాత ప్లాట్‌ఫారం మీద, నూలు సంచి రొమ్ముకు హత్తుకుని నిలబడి ఉంది. ఇద్దరి మధ్య పాత లైను పట్టాలు.

కొత్తవాళ్లను మంచినీళ్లు అడగడానికి కూడా సిగ్గుపడే నేను డబ్బా అంతా వినేలా “అమ్మా!” అని అరిచాను. అమ్మ నన్ను చూసి, చీర పైకి పట్టుకుని పట్టాల మీదికి దిగబోయింది. దూరంగా ఎక్స్‌ప్రెస్ కూత వినిపించింది.

“పట్టాలు దాటకు! నేనే వస్తున్న!” అని దిగేశాను.

“బండి పోతది బిడ్డా!” అన్నాడు పెద్దాయన.

“పోనీ తాతా!”

బండి వెళ్లిపోయింది. వంతెన ఎక్కి అవతల దిగేసరికి అమ్మ తిట్లు సిద్ధంగా ఉన్నాయి.

“దిగకంటే దిగినవ్. ఇప్పుడెట్లనే?”

“నువ్వు గీ దిక్కు ఎందుకు నిలవడ్డవ్?”

“ఇరవై ఏండ్ల సంది బండి గీ దిక్కే వస్తది. గా దిక్కు వస్తదని నాకు ఎవలన్న చెప్పిండ్రా?”

“సరే, నడిచైనా పోత.”

“నల్గొండకు నడుస్తవా? నీ తలకాయ! పా, ఆటో చూద్దాం.”

చిట్యాలకు షేర్ ఆటోలో మనిషికి ముప్పై. ఇంకో ఇద్దరు ఎక్కితేనే కదులుతానన్నాడు డ్రైవర్. “అన్నా, ఒంటిగంటకు నా దరఖాస్తు ఆఖరు. గా ఇద్దరి పైసలు నేనిస్త” అన్నాను. “ఫికర్ జెయ్యకు చెల్లె” అని వెంటనే తీశాడు. చిట్యాలలో పదకొండున్నర తర్వాత బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు తీసుకోరు. నార్కట్‌పల్లిలో బస్సు పది నిమిషాలు ఆగితే నా ప్రాణం నిలవలేదు. నల్గొండ బస్టాండ్ నుంచి మళ్లీ ఆటో పట్టుకుని, ఒంటిగంటకు పావుగంట ముందు బడి మెట్లు ఎక్కాం.

అక్కడి సార్ టీసీ తిప్పి చూశాడు. “ఏడో తరగతి అయ్యి పదకొండేండ్లు. ఇన్నేండ్లు ఏం చేసినవమ్మా?”

జవాబు చెప్పడానికి అమ్మ ముందుకొచ్చింది. ఆమె చేయి పట్టుకుని ఆపాను. “మగ్గం నేసిన సార్. పోగు తప్పితే తప్పిన కాడికి ఇప్పి మల్ల నేసేదాన్ని. సదువు గూడ గాడికెల్లే మొదలువెడుత.”

సార్ దరఖాస్తు తీసుకున్నాడు. ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాడు. బయటికి రాగానే అమ్మ చేయి చాపింది. “నాకియ్యి, పదిలంగ పెడుత.”

“వద్దమ్మా. ఇది నా దగ్గరనే ఉంటది.”

రెండో లైను మీద నాకు కోపం లేదు. ఇక ఆదివారాలు క్లాసులకు ఈ బండిలోనే వెళ్లాలి, అది వేళకు చేరడమే నాకు కావాలి. కానీ కిటికీ దగ్గరి ఆ పావుగంట ఇక దొరకదు. అందుకని క్లాసు నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఊళ్లో దిగి వస్తానని అత్తమ్మకు నేనే చెప్పాను. “సాయంత్రం బండికి వచ్చెయ్యి” అంది ఆమె. ఈ దారిలో స్టేషన్‌కు ఎవరినైనా రమ్మనే వాళ్లకు ఒక్క మాట: బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే కనుక్కుని చెప్పండి, వంతెన ఎక్కి దిగడానికి పది నిమిషాలు ముందే రమ్మనండి.