పలాసలో లేని పొగను వెతుక్కుంటూ

విశాఖలో నేను చేసే పని చెబితే మా వాళ్ళు నవ్వుతారు. కంప్యూటర్‌లోని గాలికి దుమ్ము, ఉప్పు, పొగ కలుపుతాను. వాతావరణ మోడల్ భూమి మీది గాలినంతా పెట్టెలుగా కోస్తుంది. మా పెట్టె వెడల్పు దాదాపు వంద కిలోమీటర్లు. పలాస, టెక్కలి, ఉద్దానం కొబ్బరితోటలు, కొంత సముద్రం, అన్నీ అందులోనే. లోపలి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి పరిమాణాన్ని బట్టి గుంపులు చేస్తాం. ఉప్పు ఎంత లేవాలో గాలి వేగాన్ని బట్టి మోడలే తేల్చుకుంటుంది. పొగ ఎంతో మేమే రాసివ్వాలి. జీడి బట్టీల పొగ అంచనా రాసింది నేనే, చిన్నప్పటి జ్ఞాపకంతో. అమ్మ పలాస బట్టీలోనే జీడి పిక్కలు వేయించేది. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. దాచుకున్న ఆమె చీరలోంచి ఆ పొగవాసన కూడా పోయింది. "ఈ అంకె ఎక్కడిది?" అని మా రీసెర్చ్ గైడు మేడమ్ అడిగిన రోజే పలాసకు టికెట్ తీశాను.

పొద్దున్నే రైలెక్కితే మూడు గంటల ప్రయాణం. స్టేషన్ బయట ఇడ్లీ తిని నడిస్తే, తొమ్మిదిన్నరకల్లా అమ్మ పనిచేసిన షెడ్డు దగ్గరున్నాను. గట్టిగా ఊపిరి పీల్చాను. ఉడికిన పిక్కల వాసన, ఆవిరి. అంతే. గుమ్మంలో జీడి అంటకుండా చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొడుతున్న సన్యాసమ్మత్త తలెత్తింది. అమ్మా ఆవిడా ఒకే బట్టీలో పనిచేశారు.

"ఓలమ్మ, నువ్వా! ఏటే, అలా వాసన సూత్తన్నావు?"

"పొగ ఏదత్తా?"

"పొగ గావాల్నేటే నీకు? పిక్కలేయించే డ్రమ్ము తీసీసి ఆవిరి మిషనెట్టినారు. ఉన్న కాస్తా ఆ గొట్టంలోంచి పైకెల్లిపోద్ది."

బాయిలర్‌లో మండేవి ఇప్పటికీ జీడి తొక్కలే. గొట్టం కొసన సన్నటి బూడిదరంగు గీత ఆకాశంలో కలిసిపోతోంది.

"మీయమ్మ దగ్గు మర్సిపోనావేటి? తొంగుంటే ఊపిరాడక గోడకానుకుని కూకునీది. నువ్వు వాసనొక్కటే గుర్తెట్టుకున్నావు."

నిజమే. మర్చిపోయాను.

పదిన్నరకు ఆటో కట్టించుకుని అక్కుపల్లి తీరానికి బయల్దేరాను. "నీల్లలోకి దిగకమ్మా, లాగేత్తాది," అన్నాడు డ్రైవరు. "దిగనన్నా, గాలి చూడ్డానికొచ్చాను," అన్నాను. "గాలి సూడ్డానికి ఆటో కట్టించుకున్నోల్ని నిన్నే సూసినాను!" జీడితోటలు, కొబ్బరితోటలు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇసుకలో కూర్చున్నాను. పెదవుల మీద ఉప్పు. దీన్ని మోడల్ బాగానే పట్టుకుంటుంది. కొత్త పొగకణం నీటిని పట్టదు. దారిలో దానిమీద వేరే పదార్థాలు పొరగా చేరాకే తడిని పట్టి, మబ్బులో చేరి, వానతో దిగిపోతుంది. గాలిలో దాని ఆయుష్షు కొద్దిరోజులే. అమ్మ పొగ మాత్రం నా పెట్టెలో ఇన్నాళ్ళుంది, మోడల్ నడిపిన ప్రతిసారీ నేనే మళ్ళీ పోస్తున్నాను గనుక. ఫోన్ తీసి మేడమ్‌కు రాశాను: "అంకె నాదే. తప్పు. పొగ తగ్గించాలి, నేలమీంచి కాదు, గొట్టం ఎత్తునుంచి వదలాలి." పంపడానికి చాలాసేపు పట్టింది. అమ్మకు ఊపిరాడే గాలిని లెక్కల్లోనైనా ఇవ్వడానికి అంత ఆలస్యం చేశాను.

మీరు వెళ్తే పది లోపే జీడి బట్టీల వీధిలో ఉండండి. ఎండెక్కాక సముద్రపు గాలి లేచి వాసనంతా లోపలి ఊళ్ళ వైపు తోసుకుపోతుంది. ఏమైనా మిగిలుంటే పొద్దున్నే దొరుకుతుంది.