నిలబడి మాట్లాడే మీటింగ్

జమ్మలమడుగు దగ్గర ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు మా ఇంజినీరు సారుకు ఒక పిచ్చి ఉండేది. రోజూ పొద్దున్నే మమ్మల్నందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగేవాడు: నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు, అడ్డమేంటి? కూర్చోనిచ్చేవాడు కాదు. కూర్చుంటే నాలాంటివాళ్ళు కథలు మొదలుపెడతారట.

"నిన్న బీడీ తాగినా సార్, ఈ పొద్దు గూడా తాగుతా. అడ్డం మీరే," అనేవాణ్ణి. నవ్వేవాడు. కోస్తా మనిషి. ఊళ్ళు పార్టీలుగా చీలి నరుక్కుంటున్న రోజుల్లో, ఈ రోజు ఏం చేస్తావని మా వైపు ఎవరినీ అడగకూడదని ఆయనకేం తెలుసు?

ఒకరోజు మీటింగ్ మధ్యలో జీపొచ్చి ఆగింది. దిగినవాళ్ళ చేతులు తువ్వాళ్ళ కింద ఉన్నాయి. నా పక్కనున్న వెల్డరు ఎలక్షన్లో వీళ్ళకు ఎదుటి పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. వాడి కోసమే వచ్చారు.

"వాన్ని ఇట్ల పంపియప్పా," అన్నాడు ముందున్నవాడు.

"మీటింగ్‌లోకి వచ్చారుగా, వరసలో నిలబడండి," అన్నాడు సారు. "చెప్పండి, ఈ రోజు మీరేం చేస్తారు?"

అందరం అతని మొహంలోకే చూశాం. అతను చేతి మీది తువ్వాలు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. చేయడానికి వచ్చిన పని అంతమంది సాక్షుల ముందు చెప్పలేకపోయాడు.

"మల్లొస్తాం లే," అని జీపెక్కారు.

వెంటనే వెల్డరును ఖాళీ లారీలో మైదుకూరు దాటించాం.

"నువ్వు గూడా పో సార్. ఈ తూరి నీ కోసరమే వస్తారు," అన్నాను.

"రేపు మీటింగ్ ఎవరు పెడతారయ్యా?"

ఏమీ తెలియక అంటున్నాడనుకుని కిందికి చూశాను. ఆయన మోకాళ్ళు ప్యాంటులో వణుకుతున్నాయి.